గడ్డిచామంతికి నేను పెట్టిన ఇంటిపేరు

ఈమధ్య మా వీధిలో డిగ్రీ చదివే ఆడపిల్లలు ఇద్దరు రోడ్డు పక్కన వంగి గడ్డిచామంతి పువ్వుకు ఫొటో తీశారు. ఫోను దాని లాటిన్ పేరూ, కుటుంబమూ, పుట్టిన దేశమూ గడగడా అప్పజెప్పింది. "తాతా, మీ కాలంలో దీన్ని కనుక్కోడానికి ఎంతసేపు పట్టేది?" అని అడిగారు. నా విషయంలో ఒక మెమో, ఒక ఎంక్వైరీ, ఒక బదిలీ పట్టింది అన్నాను. వాళ్లు నవ్వి వెళ్లిపోయారు. మీరు కాసేపు కూర్చుంటే మిగతాది చెప్తాను.

నేను బోటనీ ల్యాబ్ అటెండరుగా చేసి రిటైరయ్యాను. కాలేజీ పేరు అడగొద్దు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో ఎక్కడో ఉండేది అనుకోండి, చాలు. ఉద్యోగంలో చేరిన రోజున నాకు తెలిసిన వర్గీకరణ ఒక్కటే. మేక తినేవి, మేక తిననివి. మా నాయన మేకలు కాచినవాడు కాబట్టి మా ఇంట్లో మూడో వర్గం కూడా ఉండేది: మేక తిన్నాక బాధపడేవి. అప్పటి లెక్చరర్ గారు ఇది విని, "నీకు సగం బోటనీ వచ్చురా, మిగతా సగం లాటిన్ మాత్రమే" అన్నారు. వేరు తెగకుండా మొక్కను పెకలించడం, పాత పేపర్ల మధ్య పెట్టి అణిచి ఆరబెట్టడం, అట్ట మీద అంటించి పేరు రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కొన్నేళ్లకు ల్యూకస్ ఆస్పెరా, ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అంటూ నాలుక తిరగడం మొదలైంది. మా ఆవిడ మాత్రం ఇంట్లో ఆ మాటలు వద్దనేది. దిష్టి మంత్రాల్లాగా ఉన్నాయట.

ఆయన రిటైరై ఆ కుర్చీలోకి మేడమ్ వచ్చాక ఇంకో విడ్డూరం జరిగింది. కుటుంబాల పేర్లు మారాయి. చామంతి కుటుంబం నిన్నటిదాకా కంపోజిటే, ఇవాళ్టి నుంచి ఆస్టరేసి. తుమ్మి, తులసి కుటుంబం లేబియేటి కాస్తా లామియేసి. అల్మారా నిండా ఉన్న అట్టలకు కొత్త లేబుళ్లు అంటించే పని నా మెడకు పడింది. "మొక్క అదే, ఇంటిపేరు మారింది. వీటికేమన్నా పెండ్లిళ్లయినాయా మేడమ్?" అని అడిగాను. ఆమె నవ్వలేదు. రోజూ నెల్లూరు నుంచి బస్సులో వచ్చి పోయే మనిషి, నవ్వడానికి ఓపిక ఎక్కడిది!

ఇక ప్రాక్టికల్ పరీక్ష గురించి ఒక ముక్క చెప్పాలి. అందులో పెద్ద ప్రశ్న ఏమిటంటే, పూలున్న మొక్క ఒకటి చేతికిస్తారు. కాండం, ఆకు, పువ్వు విడివిడిగా చూసి వర్ణించి, ఇది ఫలానా కుటుంబం, కారణాలు ఇవీ అని రాయాలి. అందరికీ ఒకే మొక్క ఇవ్వాలి. ఆ మొక్కలు తేవడం నా పని. మార్చి నెలలో మా మెట్ట ప్రాంతంలో కొళాయి కారే చోట తప్ప ఇంకెక్కడా పచ్చదనం కనిపించదు. అలాంటప్పుడు క్లాసు మొత్తానికి సరిపడా ఒకే రకం మొక్కలు, అదీ పూలతో సహా తేవాలంటే నెల ముందు నుంచే కాపలా కాయాల్సి వచ్చేది.

పిల్లలు నాకు కాపలా కాసేవాళ్లు. నేను ఏ వైపు నడిస్తే ఆ వైపు మొక్కలన్నీ చదివేవాళ్లు. కోట కొండ వైపు పోయానంటే ఒక గుంపు పుస్తకం తెరిచేది, చెరువు వైపు పోయానంటే ఇంకో గుంపు. నేనూ తక్కువ తినలేదు. గోతాంలో అసలు మొక్కలు అడుగున పెట్టి, పైన ఉమ్మెత్త కొమ్మలు బయటికి కనిపించేట్టు పెట్టి ఊరంతా తిరిగేవాణ్ని. ఒక ఏడాది క్లాసు క్లాసంతా ఉమ్మెత్తను కంఠతా పట్టి వచ్చి, బల్లల మీద బిళ్లగన్నేరు చూసి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టుకున్నారు. టీలు తాగించేవాళ్లు, వేడి బోండాలు తెచ్చేవాళ్లు. బోండాలు తిన్నాను గానీ నోరు విప్పలేదు. సర్వీసంతా అలాగే నెట్టుకొచ్చాను, ఒక్క ఏడు తప్ప.

ఆ ఏడాది రెగ్యులర్ పిల్లలతో పాటు పాత బాకీ కింద ఒకామె పరీక్షకు కూర్చుంది. దుత్తలూరు వైపు పల్లెలో అంగన్‌వాడీ టీచరు. వయసు ముప్పై అయిదు దాటి ఉంటుంది. డిగ్రీలో అన్నీ గట్టెక్కింది, ఈ ఒక్క బోటనీ ప్రాక్టికల్ రెండుసార్లు తప్పింది. సూపర్‌వైజర్ పోస్టుకు డిగ్రీ కావాలి. ఆ పై ఏడు నుంచి సిలబస్ మారిపోతోంది. అంటే ఈసారి పోతే, మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం మిగతావాళ్లంతా నా చుట్టూ ఈగల్లా ముసిరారు. ఆమె మాత్రం ల్యాబ్ మెట్ల మీద కూర్చుని రికార్డు బుక్కు తిప్పుకుంటోంది. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అందరికీ చెప్పినట్టే పొమ్మనేవాణ్ని. అడగకపోవడంతోనే చిక్కు వచ్చింది.

"ఏందిమా, అన్నీ చదివినావా?" అన్నాను.

"చదివితే ఏముందన్నా. ఇంట్లో ఉన్నంతసేపు అన్నీ వచ్చినట్టే ఉంటాది. ఆడ మొక్క చేతిలో పెట్టేసరికి అంతా కలగాపులగమైపోతాది. పోయినసారి వేప కొమ్మకు ఏం రాసినానో చెప్తే నవ్వుతావు" అంది. తానే నవ్వింది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నా మనసు కరిగిపోయింది. కరిగిన మనసుకు తెలివి ఎక్కువ. మొక్క పేరు చెప్తే కదా తప్పు, కుటుంబం పేరు చెప్తే తప్పేముంది అనిపించింది. గోడ వైపు తిరిగి, "లామియేసి బాగా చూసుకుంటే మంచిదే" అన్నాను.

"అట్టా చెప్పకూడదు గదన్నా?"

"నేనెవరికి చెప్పినాను? నాలో నేను మాట్లాడుకుంటుండా."

నేను కాపలా కాస్తున్నది తుమ్మికి. చేతులు కడుక్కునే కొళాయి వెనక నీళ్లు కారే చోట గుబురుగా పెరిగి, తెల్లగా పూసి ఉంది. మేకలు రాకుండా చుట్టూ కంపతో కంచె కట్టాను. తుమ్మి లామియేసి కుటుంబం. పలకల కాండం, రెండు పెదవుల పువ్వు, తప్పు రాద్దామన్నా రాయడానికి లేదు. ఈమె గట్టెక్కుతుందని సంబరపడుతూ ఇంటికి పోయాను.

మరుసటి రోజు ఉదయం వచ్చి చూస్తే కొళాయి వెనక నేల అద్దంలా ఉంది. కంప లేదు, కంచె లేదు, తుమ్మి లేదు. చుట్టూ సున్నం గీతలు కూడా గీశారు. పై వారంలో ఏదో కమిటీ వస్తోందని ముందు రోజు సాయంత్రం ప్రిన్సిపాల్ గారు ఆవరణంతా శుభ్రం చేయించారట. నేను మేకలకు కంచె కట్టాను గానీ కమిటీకి కట్టలేదు. పార పట్టుకున్న ఆమెను పోయి అడిగాను.

"కలుపు మొత్తం పీకేయమన్నారు, పీకేసినాము. ఆ కంప కూడా నీదేనా? చెయ్యంతా గీరుకుపోయింది" అని ఎదురు నన్నే దబాయించింది.

పరీక్ష మొదలవడానికి అరగంట లేదు. పరీక్ష చేయడానికి వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అప్పటికే మేడమ్ గదిలో కాఫీ తాగుతున్నాడు. పెద్దాయన, మీసాలు కూడా తెల్లబడ్డాయి, మార్కులు వేయడానికి చెయ్యి రాదని పేరు. నేను గేటు బయటికి పరిగెత్తాను. రోడ్డు అంచున ఎప్పటిలాగే గడ్డిచామంతి పూసి ఉంది. దానికి వానా అక్కర్లేదు, కంచే అక్కర్లేదు. పొడుగాటి కాడ మీద పసుపు బొట్టు, చుట్టూ వెలిసిన తెలుపు రెక్కలు ఐదారు. దానికి మనం ఏం చేసినా అది మనల్ని వదలదు. వంగి చకచకా పీకాను. పరీక్షకు వచ్చిన పిల్లలంతా గేటు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నారు. ఒక్కడూ నమ్మలేదు. "ఇంత బాహాటంగా పీకుతుండాడంటే ఇది కాదులేరా" అని ఎవడో అనడం నా చెవిన పడింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఆ హడావుడిలో అంగన్‌వాడీ ఆమెకు నేను చెప్పిన మాట బుర్రలో నుంచి పూర్తిగా ఎగిరిపోయింది. ఆమె బల్ల మీద మొక్క పెట్టేటప్పుడు ఆమె తలెత్తి నన్ను చూసి చిన్నగా నవ్వింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. కళ్లు తెరిచి నేరుగా పేపర్ మీద రాయడం మొదలుపెట్టింది.

పల్లెటూరి మనిషికి తుమ్మికీ దీనికీ తేడా తెలియదా అని మీరు అడగొచ్చు. ఎందుకు తెలియదు! వాళ్ల ఊళ్లో దీన్ని గాయపాకు అంటారు. పిల్లలు కింద పడి మోకాళ్లు చెక్కుకుంటే ఆ ఆకే నలిపి పెడుతుంది. కాకపోతే, అటెండరు అన్న లామియేసి అన్నాడు, చేతికి వచ్చింది గాయపాకు, కాబట్టి గాయపాకు లామియేసి అనుకుంది. అక్కడితో మొక్కను చూడడం మానేసింది. ఇక తాను చదువుకొచ్చినదాన్నే ఆ మొక్క మీదికి ఎక్కించింది.

మంచినీళ్లు ఇచ్చే నెపంతో ఆమె వెనక నుంచి పోయి చూశాను. 'కాండము నాలుగు పలకలుగా ఉన్నది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. గడ్డిచామంతి కాండం గుండ్రంగా ఉంటుంది. 'ఆకర్షణ పత్రావళి రెండు పెదవులుగా ఉన్నది.' అంటే పూరెక్కలు. ఎక్కడివమ్మా పెదవులు! నేను రెండోసారి నీళ్లు తెచ్చాను. మూడోసారి కూడా తెచ్చాను. ఆమె "చాలన్నా" అంది.

నాకు ఒక ఆలోచన తట్టింది. మిగిలిన మొక్కల బుట్ట చేత్తో పట్టుకుని, హాలు నడిమధ్య నిలబడి, "మేడమ్, గడ్డిచామంతి మిగిలిపోయింది. పారబోసేదా?" అని గట్టిగా అరిచాను. చామంతి అన్న మాట చెవిన పడితే ఆస్టరేసి గుర్తుకు రాదా అని నా ఆశ.

హాల్లో అందరూ తలలెత్తారు. మేడమ్ కళ్లు ఎర్రబడ్డాయి. "పరీక్ష హాల్లో మొక్క పేరు చెప్తావా?" అని పళ్లు కొరుకుతూ అంది. ఎగ్జామినర్ బుట్టలోకి తొంగి చూసి, "గడ్డిచామంతా? దీన్ని మేము పలకాకు అంటామే. చిన్నప్పుడు బొగ్గుతో కలిపి పలకలకు రుద్దేవాళ్లం" అన్నాడు. కలువాయి వైపు కుర్రాడొకడు పక్కవాడితో, "గడ్డిచామంతి అంటే ఇంకోటేదో గదరా" అని గుసగుసలాడాడు. ఎవరి ఊరి పేరు వాళ్లది. నా కేక ఏ ఒక్కరికీ పనికిరాలేదు. ఆమె అయితే ఆ మిగిలిపోయిందేదో వేరే మొక్క అనుకుని మళ్లీ రాసుకోవడంలో పడింది. ఊరికో పేరున్న దానికి లాటిన్ పేరు ఎందుకు పెట్టారో నాకు ఆ నిమిషంలో అర్థమైంది.

ఎగ్జామినర్ బల్లల మధ్య తిరుగుతూ ఆమె దగ్గర ఆగాడు. పేపర్ చదివాడు. మొక్క తీసి కాండాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లించాడు.

"నాలుగు పలకలు ఎక్కడమ్మా? చూపించు."

ఆమె తీసుకుని దొర్లించింది. గుండ్రంగా దొర్లింది. ఆమె మొహం పాలిపోయింది.

"లామియేసి అని ఎవరు చెప్పారు?"

నేను రెండు బల్లల అవతల బుట్టతో నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు చూస్తుందేమో అని భయపడ్డాను. చూడలేదు. "ఎవురూ చెప్పలేదు సార్. నేనే అనుకున్నా" అంది. ఆయన జేబులో నుంచి ఎర్ర పెన్ను తీశాడు.

నేను ధైర్యవంతుణ్ని కాను. మెమో అంటే జ్వరం వచ్చే రకం. అయినా ఆమె అలా తల వంచుకుని నన్ను కాపాడుతుంటే ఊరుకోలేకపోయాను. "నేను చెప్పినాను సార్. నిన్న చెప్పినాను. తుమ్మి తెద్దామనుకుని చెప్పినాను. పొద్దున్నే తుమ్మి పీకేసినారు" అన్నాను. మేడమ్ కుర్చీలో కూలబడింది.

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీ సంగతి మీవాళ్లు చూసుకుంటారు" అన్నాడు. ఆమె రాసిందంతా అడ్డంగా కొట్టేసి, ఇంకో పేపర్ ముందు పెట్టి, "ఇంకా ముప్పావు గంట ఉంది. ఎవరో చెప్పింది మరిచిపో. కంటికి కనిపించింది రాయి" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని, పువ్వును బ్లేడుతో నిలువుగా కోసి, లెన్సు కింద పెట్టింది. సూదితో ఒక్కో రెక్కా విడదీసింది. చాలాసేపు ఏమీ రాయలేదు. ఆఖరికి "సార్" అని పిలిచింది.

"ఇది రెక్క కాదు సార్. దీనికి కింద కాయ అయ్యేది వేరేగా ఉండాది. ఇది ఒక పువ్వు."

"మరి మధ్యలో పసుపు?"

"అవీ పూలే సార్. ఒక్కోటి ఒక్కో పువ్వు. మా సెంటర్‌కు ఆఫీసర్లు వస్తుండారంటే మేము పిల్లోళ్లను ఇట్నే కూర్చోబెడతాము. మంచి గౌన్లు వేసుకున్నోళ్లను చుట్టూ బయటికి, మిగతావాళ్లను మధ్యన. దూరం నుంచి చూసేవాళ్లకు ముద్దగా ఒకటే కనపడతాది. దగ్గరికొస్తేనే ఎంతమంది ఉండారో తెలిసేది."

పెద్దాయన మీసాలు కదిలాయి. "ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టే కుటుంబం ఏదమ్మా?"

ఆమె లెన్సులోకి ఇంకోసారి చూసింది. "చామంతిది సార్. ఆస్టరేసి." అలా అన్నాక చేతిలోని పువ్వును చూసి, "అయ్యో, ఇదా గడ్డిచామంతి!" అంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నేను నోరు జారడం మేడమ్ రిపోర్టులోకి ఎక్కింది. అంగన్‌వాడీ ఆమె మార్కులు వేరే కవర్లో పెట్టి సీలు వేశారు. ప్రిన్సిపాల్ గారు నా చేతికి మెమో ఇచ్చి ఎంక్వైరీ వేశారు. అక్కడ నా తప్పును ఏ జాతిలో చేర్చాలో ఎవరికీ అంతుపట్టలేదు. ఆఫీసు సూపరింటెండెంట్ గారు కళ్లజోడు పైకి తోసుకుని, "ప్రశ్న బయటపెట్టినాడు అందామంటే, బయటపెట్టింది ప్రశ్న కాదు. అబద్ధం చెప్పినాడు అందామంటే, చెప్పినప్పుడు అది నిజమే. దీన్ని ఏ రూలు కింద పెట్టేది సార్?" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ అది నవ్వే సంగతి కాదు. ప్రశ్న బయటపెట్టడం కిందికి వస్తే ఆమె పరీక్ష రద్దవుతుంది. కాపాడదామని నోరు తెరిచి ఆమెను నేనే నూతిలోకి తోశాను. అన్నం సయించలేదు, ఆ వారమంతా.

ఆదివారం దుత్తలూరు బస్సెక్కి వాళ్ల పల్లెకు పోయాను. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, బైబిలు ఇంకా చేతిలోనే ఉంది.

"అమ్మా, ఎంక్వైరీలో నీ చేత కాయితం రాయించుకుంటారు. నేను ఏమీ చెప్పలేదని రాసెయ్. నేను కూడా ఆరోజు మతి లేక వాగినానని చెప్తా. నీ డిగ్రీ నీకు వస్తాది" అన్నాను.

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఒకసారి నువ్వు చెప్పింది రాసే మునిగినాను గదన్నా. మళ్లా నువ్వు చెప్పిందే రాయమంటావా?"

మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

ఎంక్వైరీ రోజు ఆమె పది నిమిషాల్లో కాయితం రాసిచ్చింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. సూపరింటెండెంట్ గారు పైకి చదివారు.

"అటెండరు అన్న నాకు లామియేసి అని చెప్పిన మాట నిజం. నేను వినిన మాట నిజం. అది రాసినంతసేపు నాకు ఒక్క మార్కు కూడా రాలేదు, ఎగ్జామినర్ సారు మొత్తం కొట్టేసినారు. నాకు మార్కులు వచ్చింటే అవి అన్న చెప్పినందుకు కాదు, అన్న చెప్పింది మరిచిపోయినందుకు."

ఆయన ఇంకోసారి చదివారు. ప్రిన్సిపాల్ గారు ఆమె పరీక్షకు అడ్డేమీ లేదని ఫైలు మీద రాశారు. నన్ను మాత్రం ఆత్మకూరులో ఒక కాలేజీకి, ఫిజిక్స్ ల్యాబుకు పంపమని రాశారు. అక్కడ నాకు చెప్పడానికి ఏమీ తెలియదు కాబట్టి అందరికీ క్షేమం అన్నారు. తర్వాత మేడమ్ కవరు చింపింది. అంగన్‌వాడీ ఆమె పాసైంది, అత్తెసరుగా కాదు, మంచి మార్కులతోనే. ఆమె అక్కడే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తలుపు పక్కన నేనూ ఏడ్చాను.

నా మాట విన్నవాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు. నేను చెప్పింది మరిచిపోయి ఒక మనిషి బాగుపడింది. సర్వీసు మొత్తంలో నాకు అంత సంతోషం ఇంకొకటి లేదు.